బాలకిషన్ పడవకు వాస్తు

సముద్రం మొహం ఎన్నడూ చూడని కొత్తవాడలో బాలకిషన్ తెరచాప పడవ కట్టాడు. బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. చేతులు ఊరుకోవు, ఫోనులో వీడియోలు ఊరుకోనివ్వవు. పడవకు చోటు కోసం, భార్య విమలమ్మ జంపఖానాలు నేసే మగ్గాన్ని విప్పి వంటింటి మూలకు నెట్టేశాడు. ఆమె ఒకటే షరతు పెట్టింది.

"నీళ్లల్ల నిలబడ్డదా, సరే. ఒరిగిందా, దాన్ని పాత ఇనుపసామానోనికి ఇచ్చేస్త. నా మగ్గం నడింట్లకు రావాలె."

డిజైను మాత్రం ముచ్చటైనది. ఇద్దరు కాళ్లు చాపుకునే గది, బల్లల కింద అరలు, చిన్న గ్యాసు పొయ్యి, వంతెన అడ్డమొస్తే మడిచి పడుకోబెట్టే తెరచాప స్తంభం. దింపబోయే చెరువులో వంతెన లేదు. రేపెవరైనా కడితే ఇబ్బంది పడకూడదు కదా! తెరచాప ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. పడవ ఒరగకుండా అడుగున నట్టనడుమ ఇనుపముక్కల సంచులు.

పక్కింటి లక్ష్మీనారాయణ రాకపోతే కథ సుఖంగా ముగిసేది. ఆయన ప్లాట్లు అమ్ముతాడు, అవి అమ్ముడుపోనప్పుడు వాస్తు చెబుతాడు. దిక్సూచి పట్టుకుని పడవ చుట్టూ తిరిగాడు.

"పొయ్యి ఉన్నది, పండుకునే గది ఉన్నది. అంటే ఇల్లే గదా తమ్మీ. నడుమ బరువు పెడ్తరా ఎవలన్న? నైరుతి మూలకు జరుపు."

బరువు నడుమ ఎందుకుండాలో బాలకిషన్‌కు తెలియక కాదు. రేపు ఏదైనా అయితే వాస్తు వినలేదని వాడకట్టంతా ఆడిపోసుకుంటుందని భయం. పడవ మూతి తూర్పుకుంది కనుక సంచులన్నీ వెనక కుడిమూలకు చేర్చాడు.

రామప్ప చెరువులో దింపగానే పడవ కుడికి ఒరిగింది. గట్టు మీది జనం ఫోన్లు తీశారు. పడవలో ఉన్న బాలకిషన్ ఎడమ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

"మూతి పడమరకు తిరిగె. నైరుతి ముందటికొచ్చింది. సంచులు జరుపు," అన్నాడు లక్ష్మీనారాయణ గట్టు మీది నుంచి.

జరిపాడు. ఈసారి పడవ ఎడమకు ఒరిగి, గాలికి ఉత్తరం వైపు తిరిగింది.

"మళ్ల జరుపాలె తమ్మీ."

"జర ఆగే అన్నా. ఇది తిరుగుతనే ఉన్నది."

"తిరిగితే తిరగనియ్. నైరుతి నైరుతే."

విమలమ్మకు ఒళ్లు మండింది. కుచ్చిళ్లు ఎగదోపి పడవెక్కి, సంచులన్నీ నడుమకు లాగింది. పడవ నిటారుగా నిలబడింది. గాలికి నాయకుడి బుగ్గలు ఉబ్బాయి, పడవ కదిలింది. బాలకిషన్ ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు.

"నిలబడ్డదే విమలా. పందెం నాదే."

"నీదే తియ్యి," అన్నది విమలమ్మ నీళ్లకేసి చూస్తూ. "నడుమ ఉండాల్సినదాన్ని మూలకు జరుపుడు నీకు అలవాటేనాయె. నా మగ్గాన్ని గూడ గట్లనే జరిపినవు."

బాలకిషన్‌కు సిగ్గేసింది. గెలిచిన పందెం వదిలేసి, రేపే మగ్గం నడింట్లో బిగిస్తానన్నాడు.