తడిగుడ్డలో నాలుగు రోజులు

ముప్పయ్యొక్క వసంతాలు సంతలో నిలబడి మట్టి కప్పి పెంచే తెల్ల ఆస్పరాగస్ కాడలకు చెక్కు తీసింది రోస్విటా. కాడ తలను అరచేతిలో పడుకోబెట్టి, మెడ దగ్గర కత్తి ఆనించి, మొదలుదాకా ఒకే లాగు. ఆ పనిలో ఎడమ బొటనవేలు కాస్త పక్కకు వంగిపోయి అలాగే ఉండిపోయింది. యంత్రం వచ్చాక కూడా రైతు ఓట్మార్ ఆమెను మాన్పించలేదు. చెక్కు యంత్రం తీస్తుంది గానీ మాట మనిషే చెప్పాలి అనేవాడు. ఆ మాట కొన్నవాళ్లందరికీ ఒకటే: "దాచుకునేటట్టయితే చెక్కుతోనే తీసుకెళ్లండమ్మా. గుడ్డ తడిపి గట్టిగా పిండి, అందులో చుట్టి ఫ్రిజ్ అడుగున పెట్టండి. నాలుగు రోజులకు ఢోకా లేదు."

అంతమందికి చెప్పిన మనిషి తన ఇంట్లో ఒక్క కాడనూ దాచి ఎరగదు. ఆమె ఇంటికి తెచ్చుకునేవి విరిగిన ముక్కలు. అవి ఆ పూటే చారులోకి పోయేవి. అసలు ఆ మాటైనా ఎక్కడ నేర్చింది? కొత్తగా పనిలో చేరిన వారంలో టోపీ పెట్టుకున్న ఒకావిడ ఎన్నాళ్లుంటాయని అడిగితే, పెట్టెల మీద కప్పిన తడిగోనె కనబడి నోటికొచ్చింది చెప్పింది. ఆవిడ తలూపింది. ఆ తలూపుతోనే అది శాస్త్రమైపోయింది.

పని మానేసిన నాలుగో ఏట, దాచవలసిన అవసరం ఆమెకే వచ్చిపడింది. తమ్ముడు లోథార్‌కు ఏప్రిల్లో గుండె ఆపరేషన్ అయింది. పెళ్లి చేసుకోనివాడు, అక్క తప్ప ఎవరూ లేరు. పంటకాలమంతా ఆసుపత్రి మంచం మీదే గడిచిపోయింది. "అక్కా, ఈ ఏడు ఒక్క పూటైనా తినిపించు. వచ్చే ఏడు సంగతి నాకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు" అన్నాడు ఫోనులో. తినిపిస్తాను లేరా అంది. తీరా ఆసుపత్రి నుంచి వాణ్ణి పంపించేది ఆదివారమని తేలింది. జాన్ పునీతుడి పండుగేమో బుధవారం. ఆ రోజు దాటితే, మొక్క ఊపిరి తీసుకోవాలని, చేలో ఎవరూ కత్తి పెట్టరు. గడ్డకట్టించి దాచుకునేవాళ్లున్నారు గానీ లోథార్‌కు అది తడిసిన తాడు నమిలినట్టుంటుంది.

బుధవారం మధ్యాహ్నం ఆఖరి కోతలోంచి కిలోన్నర తెచ్చి, నార తువ్వాలు తడిపి, పిండి, చుట్టి పెట్టింది. రాత్రి నిద్రపట్టలేదు. పిండడం ఎంత గట్టిగా పిండాలి?

పొద్దున్నే విప్పి రెండు కాడల్ని ఒకదానికొకటి రుద్దింది. తాజావైతే కీచుమంటాయి. కీచుమన్నాయి. మళ్లీ చుడుతుంటే పక్కింటి గెర్‌లిండె గిన్నెడు ఎర్ర ద్రాక్షల్లాంటి పళ్లతో వచ్చింది. ఆమె ఆ ఊరొచ్చి మూడేళ్లు, రోస్విటాను సంతలో చూసి ఎరగదు.

"ఏమిటది, పసిపిల్లను చుట్టినట్టు?"

"ఆదివారం దాకా ఉండాలి. తమ్ముడికి."

"గుడ్డలోనా? బూజు పట్టి ఊరుకుంటుంది. పూలకాడల్లా నీళ్లలో నిలబెట్టాలి వదినా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా అత్తగారు. ఆవిడ మాట తప్పు కావడం నా కాపురంలో ఒక్కసారీ చూడలేదు. చూడనిచ్చిందెక్కడ."

"ఆవిడకెవరు చెప్పారట?"

"సంతలో చెక్కు తీసే ఆవిడట. మెడలో ఎర్ర రుమాలు కట్టుకునేదట. గొప్ప తెలిసిన మనిషి అనేది."

తలుపు వెనక మేకుకు ఆ ఎర్ర రుమాలు వేలాడుతూనే ఉంది. రోస్విటా అటు చూసి, చూపు తిప్పుకుంది. ఓట్మార్ ఒక ఏడు నాలుగు సాళ్లు పచ్చరకం వేశాడు. పచ్చవాటికి వేలెడు నీళ్లు అని చెప్పిన మాట నిజమే. ఆ అత్తగారు కొన్నది పచ్చదా, తెల్లదా? తెల్లదానికి కూడా పొరపాటున అదే చెప్పిందా? అడుగుదామంటే ఆవిడ పోయి ఆరేళ్లు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే కాబోలు. సొరుగులో వెతికితే ఓట్మార్ వేయించిన పాత కరపత్రం దొరికింది. మీద తన ఫొటో. కింద: తడిగుడ్డలో మూడు రోజులు. మూడా? నాలుగంటే జనం నింపాదిగా వస్తారు, మూడని వేయిద్దామన్నాడా ఓట్మార్? లేక నిజం మూడే అయి, తానే అలవాటుగా నాలుగంటూ వచ్చిందా? ఫొటోలోని మనిషి మాత్రం అన్నీ తెలిసినదానిలా నవ్వుతోంది.

శుక్రవారం సగం తీసి పూలజాడీలో నీళ్లు పోసి కిటికీలో నిలబెట్టింది. శనివారానికి వాటి తలలు ఊదారంగు తిరిగాయి. వెలుగు తగిలితే తిరుగుతాయని ముప్పయ్యొక్కేళ్లు చెప్పిందీ తనే. హడావిడిగా వాటిని గుడ్డలోకి మార్చింది, గుడ్డలోవి కొన్ని నీళ్లలో పెట్టి నేలమాళిగలో దించింది. సాయంత్రం అన్నీ బల్ల మీద పరిచాక, ఊదావి తప్ప ఏది ఎక్కడ పడుకుని లేచిందో ఆమెకే తెలియలేదు. రెంటిని రుద్ది చెవి ఆనించింది. కీచుమన్నట్టే ఉంది. కుర్చీయేమో.

ఆదివారం లోథార్ బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకుని వచ్చాడు. ఆమె చెక్కు కాస్త మందంగానే తీసింది. ఆ చెక్కుల్నే మరిగించి, ఆ నీళ్లలో చిటికెడు పంచదార వేసి కాడలు ఉడికించింది. పెనం మీదే చీల్చిన అట్టు, పంది తొడమాంసం ముక్కలు, కరిగిన వెన్న పక్కన పెట్టింది. ఊదావి ఎడమ వైపు, తెల్లవి కుడి వైపు.

"ఎలా ఉన్నాయిరా?"

"బాగున్నాయి."

"ఏవి బాగున్నాయి?"

"రెండూ."

"రెండూ ఎలా బాగుంటాయి? ఇవి నీళ్లలోవి, అవి గుడ్డలోవి. లేకపోతే అటుదిటు. సరిగ్గా తిని చెప్పు."

లోథార్ ఫోర్కు కింద పెట్టాడు. "కోప్పడకక్కా. మాత్రలు మొదలెట్టినప్పట్నుంచీ నోట్లో ఇనపమేకు పెట్టుకున్నట్టుంది. కాఫీ ఇనుము, రొట్టె ఇనుము. ఇదీ అంతే. మెత్తగా ఉన్నాయి, అంతవరకూ తెలుస్తోంది."

ఆమె ఎదురుగా కూర్చుండిపోయింది. మాట నిలబెట్టుకున్నట్టా, కానట్టా? వాడు అడిగింది తిన్నాడు. తినలేదు కూడా. లోథార్ మాత్రం పళ్లెం వదల్లేదు. అట్టు ముక్కతో వెన్న చుక్క కూడా తుడుచుకు తిని, గోడ పట్టుకుంటూ మరుగుదొడ్డికి వెళ్లాడు.

లోపల్నుంచి నవ్వు వినబడింది.

"ఏమైందిరా? పడ్డావా?"

"లేదక్కా. వాసన వచ్చింది."

ఆస్పరాగస్ తిన్న కాసేపటికే మూత్రంలో వచ్చే ఆ వాసనను ప్రతి మే నెలలో తలుపు తీసి మరీ ఇంటిల్లిపాదికీ చాటేవాడు వాళ్ల నాన్న. గడ్డకట్టించినవి తిన్నా అదే వాసన వస్తుందని రోస్విటాకు తెలుసు. తెలుసనే అనుకుంది. చెప్పలేదు.

"నీళ్లు పోసి రా. నాన్నలా ఊరందరికీ చెప్పకు."

లోథార్ ప్యాంటు ఎగలాక్కుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మొహంలో కాస్త రంగు కనబడింది. "వచ్చే ఏడు ఊదావి పెట్టకక్కా. చూడ్డానికి బావోలేవు."

వచ్చే ఏడు. ఆమె తడి తువ్వాలు దులిపి తీగ మీద ఆరేసింది.

"వచ్చే ఏడు నువ్వే దాచుకో. ఎలాగో నాకు తెలీదు."