మద్రాసు గుర్రాలు, యానాం నిపుణులు

ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయిన మరుసటి ఏడు, యానాంలో మద్రాసు గుర్రప్పందాల గురించి అధికారంగా మాట్లాడగలవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురిలో ఎవరమూ పందెపు గుర్రాన్ని కంటితో చూసినవాళ్లం కాము.

నేను అప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా స్నేహితుడు ఆసుపత్రి కాంపౌండరు. ఆయన బావమరిది మద్రాసులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే రేసులకు వెళ్లేవాడు. ఆ ఏటి పెద్ద రేసుకు మా తరఫున తనే పందెం కాస్తానని ఉత్తరం రాశాడు. ఏ గుర్రం మీద కాయాలో మాత్రం మమ్మల్నే తేల్చుకోమన్నాడు. దాంతో మా మనశ్శాంతి పోయింది.

కాకినాడ బస్సులో వచ్చే ఇంగ్లీషు పేపర్లో ఎనిమిది గుర్రాల వివరాలు పడ్డాయి. బడి వదలగానే కాఫీ హోటల్లో చేరేవాళ్లం. కాంపౌండరుగారు ఒక్కో గుర్రాన్నీ రోగిని పరీక్షించినట్టు పరీక్షించి, మూడో నంబరును ఖాయం చేశారు. దాని తండ్రి ఇంగ్లండు నుంచి ఓడలో దిగినవాడట.

"రక్తం మేష్టారూ, రక్తం. అది మందులతో వచ్చేది కాదు" అన్నారు. మందులిచ్చే మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

నేను పాత పందాల్లో ఏది ఎన్నోదిగా వచ్చిందో కూడి సగటు తీశాను. అయిదో నంబరు ముందుకొచ్చింది. సరిచూసుకుందామని మళ్లీ కూడితే రెండోది వచ్చింది. మూడోసారి కూడే ధైర్యం చేయలేదు.

మూడో నిపుణుడు కనకాలపేట జట్కా అతను. మాలో గుర్రం ఉన్నది అతనొక్కడికే కనక కబురంపి, కాఫీ ఇప్పించాం. అతనికి చదువు రాదు. పేపరు వైపు చూడనైనా చూడలేదు.

"అన్నిట్లోకీ ఎనకొచ్చే గుర్రం ఏదండీ?" అన్నాడు.

ఏడో నంబరు ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదని చెప్పాను.

"అయితే దాని మీద కాయండి. ముందొచ్చేవన్నీ ఈపాటికి అలిసిపోయుంటాయండి. దీని సత్తువ అలాగే ఉంటది. వాడలేదు గదండీ."

కాంపౌండరుగారు పొలమారేదాకా నవ్వారు. నేను నవ్వలేదు. నా సగటు కన్నా అందులోనే తర్కం ఎక్కువ కనిపించింది.

"మరి నువ్వెంత కాస్తావు?" అని అడిగాను.

"నేనాండీ? నా గుర్రానికి ఉలవలెవరు పెడతారండి" అని లేచి వెళ్లిపోయాడు.

మా నాన్నగారు చర్చిలో పెద్ద. పేకముక్క కనిపిస్తే ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టేవారు కారు. నేను గీతలు గీసిన పేపరు ఆయన చేతికి చిక్కింది.

"ఇవి నువ్వే గీశావా?"

"అవునండి."

"పందెం కాయడం పాపం. అది నీకు వేరే చెప్పక్కర్లేదు." కళ్లజోడు సవరించుకున్నారు. "అయినా, ఏడోదాని వీపు మీద బరువెంతో చూశావా? అన్నిటికన్నా తక్కువ. మద్రాసులో వానలు పడుతున్నాయని కూడా పేపర్లో రాశాడు. బురదలో బరువు తక్కువున్నదానికే లాభం."

"కాయమంటారా?"

"పాపమని చెప్పానా లేదా?" అని, పేపరు పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నేను ఏడో నంబరు మీద రెండు రూపాయలు పంపాను.

ఫలితం వచ్చే రోజు ముగ్గురం బస్సు ఆగే చోట నిలబడ్డాం. ఎన్నడూ అటు రాని నాన్నగారు కూడా, నడక మంచిదని డాక్టరు చెప్పాడంటూ వచ్చారు. పేపరు నేనే విప్పి చదివాను. మొదటి మలుపులోనే ఏడో నంబరు రౌతును కింద పడేసింది. అతని చెయ్యి విరిగింది. గుర్రం మాత్రం ఆగకుండా పరిగెత్తి, అన్నిటికన్నా ముందు గీత దాటింది. రౌతు లేడు కనక లెక్కలోకి తీసుకోలేదు. కాంపౌండరుగారి ఇంగ్లండు రక్తం ఆరోదిగా వచ్చింది. మేమెవరమూ పట్టించుకోని ఒకటో నంబరు గెలిచింది.

"మనది గెలిచినట్టే గదండీ" అన్నాడు జట్కా అతను.

"రౌతు లేడయ్యా" అన్నారు కాంపౌండరుగారు.

"పరిగెట్టింది గుర్రవాండీ, రౌతాండీ?"

అప్పుడు నాన్నగారు, "బరువు తగ్గితే అది గెలుస్తుందని నేను ముందే చెప్పాను" అన్నారు. ముగ్గురం ఆయన వైపు తిరిగాం. ఆయన గొంతు సవరించుకుని, ఎండెక్కుతోందంటూ ఇంటిదారి పట్టారు. అప్పుడు సాయంత్రం అయిదయింది.

ఆ పూట ఇంట్లో ప్రార్థన మామూలుకన్నా పొడుగ్గా సాగింది. జబ్బుపడ్డవారి కోసం, పడవల మీద వెళ్లినవారి కోసం వేడుకున్నాక, మద్రాసులో చెయ్యి విరిగి బాధపడుతున్న ఒక సోదరుణ్ణి స్వస్థపరచమని నాన్నగారు దేవుణ్ణి అడిగారు. అమ్మ ఒక కన్ను తెరిచి, ఎవరతనని నా వైపు చూసింది. నేను గట్టిగా ఆమెన్ అన్నాను.