నర్సు అల్లుడు

మా పక్క వాటాలోకి కొత్తగా దిగిన పెద్దాయన నిన్న పొద్దున్న మెట్ల మీద ఎదురై, నేనేం చేస్తుంటానని అడిగారు. ఆస్పత్రిలో నర్సునని చెప్పాను. ఆయన నవ్వేశారు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. నేను నవ్వకపోవడం చూసి, "అంటే కాంపౌండరా?" అన్నారు, నన్ను ఏదో ఇబ్బందిలోంచి గట్టెక్కిస్తున్నట్టు. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఆ ప్రశ్నకి నా చెవులు వేడెక్కుతాయి. స్కూటరు తీసి విజయనగరం కోట పక్కనుంచి డ్యూటీకి పోతుంటే దారంతా మా మేనమామే గుర్తొచ్చాడు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. వరి, గోగు, నువ్వులు తప్ప మరో వ్యాపకం ఎరగని ఇళ్ళు. డాక్టరు చదువుకి సీటు రాక నేను నర్సింగులో చేరితే, మా నాన్న ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. "నర్సంటే ఆడోళ్ళు కదరా. మగోడు నర్సేటి? అడిగినోళ్ళకి నానేటి సెప్పాల?" అని కంచం ముందు కూర్చుని గొణిగి గొణిగి, చివరికి తనే ఒక దారి కనిపెట్టాడు. అడిగినవాళ్ళకి "మావోడు డాక్టరీ లైన్లో ఉన్నాడు" అనేవాడు. కొన్నాళ్ళకి ఆ 'లైను' ఎక్కడో రాలిపోయి డాక్టరొక్కడే మిగిలాడు. సెలవులకి ఇంటికొస్తే మా అరుగు మీద జనం చేతులు చాపుకుని కూర్చునేవారు. నేను బీపీ చూసి, పెద్దాస్పత్రికి వెళ్ళమని చెప్పేవాణ్ణి. ఆ కాసేపూ నేను నాన్న వైపు చూసేవాణ్ణి కాదు, నాన్న నా వైపు చూసేవాడు కాదు.

అందరికన్నా ఎక్కువ మురిసిపోయినవాడు మా మావ, అమ్మకి తమ్ముడు. నిలువెత్తు మనిషి. ఆయన పొలం ఆ చివర నిలబడి పిలిస్తే ఈ చివర ఎడ్లు ఆగిపోయేవి. తన కూతుర్ని నాకివ్వాలని ఇంట్లో ఎప్పుడో అనుకున్న మాట. "మా అల్లుడు డాక్టరు" అని సంతలో చెప్పుకుని, విన్నవాళ్ళకి టీ తాగించేవాడట.

ఓ వేసవిలో ఆ మావకి పొలంలోనే పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. నాన్న ఇంకేమీ ఆలోచించకుండా నేను పనిచేసే ఆస్పత్రికే తెచ్చేశాడు. ఆ వార్డులో డ్యూటీ నాదే. మావని పక్కకి తిప్పి, దుప్పటి మార్చి, మూత్రానికి గొట్టం వేసి, గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళంతా శుభ్రం చెయ్యాలి. పరాయివాళ్ళకైతే చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఆ రోజు నా చేతులకి కూడా చుట్టరికం తెలిసినట్టుంది. తెర వేసి పని మొదలుపెట్టగానే మావ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు చెవి మీదికి కారాయి. మాట సరిగా పలకడం లేదు. "నువ్వొద్దు... ఇంకోడిని పిలు" అన్నది మాత్రం అర్థమైంది. పిలవడానికి ఇంకోడు లేడు.

సాయంత్రం చూడ్డానికి ఊరివాళ్ళు వచ్చారు. నేను బెడ్‌పాన్ పట్టుకుని తెరలోంచి బయటికి రావడం, నాన్న వాళ్ళని వెంటబెట్టుకుని వార్డులో అడుగు పెట్టడం ఒకేసారి జరిగాయి. అది చాలదన్నట్టు మూల మంచం మీంచి ఎవరో, మగ నర్సుల్ని పిలిచే అలవాటు పిలుపుతో, "బ్రదర్, ఇటు కూడా!" అని కేకేశారు. నాన్న గొంతు సవరించుకుని, "నర్సమ్మలు రానేదట ఈ పూట. సొంత మావ కదా, మావోడే సేస్తన్నాడు" అన్నాడు. వాళ్ళు తలలూపారు. అన్నం కేరేజీతో వెనక నిలబడ్డ మరదలు మాత్రం నా జేబు మీది బిళ్ళ చదువుకుంది, పేరూ, దాని కింద 'స్టాఫ్ నర్స్' అన్న మాటా. నేల చీలితే బాగుండుననిపించింది నాకు.

మావ కోలుకున్నాడు. నడకొచ్చింది, మాటొచ్చింది, ఎడమ చెయ్యి మాత్రం కాస్త వణికేది. ఇంటికెళ్ళే రోజు నన్ను పక్కన కూర్చోమని, కిటికీలోకి చూస్తూ చెప్పాడు. "నువ్వు నర్సువని నాకు కోపం నేదురా అల్లుడూ. బాగా సూసినావు. గానీ పిల్లని నీకివ్వనేను. నన్ను ఆ తీరుగ సూసినోడివి. రేపు నువ్వింటికొస్తే నీ మొకం నానెలాగ సూడాల?"

నేనేం తప్పు చేశానని అడగలేకపోయాను. నిజానికి నేనూ సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఆయన్ని చూడకూడనట్టు చూసినందుకు.

సంబంధం నిలబెట్టింది మరదలే. సాలూరులో లారీలున్నవాళ్ళ అబ్బాయిని తెస్తే, తండ్రి ముందు నిలబడి, "రేపు నాను మంచం పట్టినా బావ ఇలాగే సూస్తాడు. ఆ లారీలాయన సూస్తాడేటి?" అని అడిగిందట. మర్నాడే మావ సాలూరుకి కబురు పంపాడు, ఆ సంబంధం వద్దని.

శుభలేఖలో నాన్న నా పేరు పక్కన 'వైద్య రంగం' అని వేయించాడు. నేను ఊరుకున్నాను. పెళ్ళిపీటల మీద అత్త నీళ్ళు పోస్తుంటే మావ వంగి నా కాళ్ళు కడిగాడు. ఆ ఎడమ చెయ్యి నా పాదం మీద వణుకుతోంది. చూడలేక, "చాలు మావా" అని కాళ్ళు వెనక్కి తీసుకోబోయాను. ఆయన వదల్లేదు. "ఉండ్రా. నన్ను కూడా కడగనీ" అన్నాడు, నాకొక్కడికే వినపడేలా.

ఆ తర్వాత అంతా సర్దుకుంటుందనుకున్నాను. మావ ఇప్పటికీ నెలకోసారి మా ఇంటికి వస్తాడు. మనవడితో వీధి చివరికి వినపడేలా కబుర్లు చెబుతాడు. నేను డ్యూటీ నుంచి రాగానే ఆ గొంతు తగ్గిపోతుంది. పంచె సర్దుకుని, "అయితే ఎళ్తాను, బస్సు టయిమైనాది" అని లేస్తాడు. నేనూ ఉండమనను. నాన్న పోయాడు, మా ఊరి మగపిల్లలు బాహాటంగానే నర్సింగు చదువుతున్నారు. ఏళ్ళు గడిస్తే ఈ సిగ్గు పోతుందనుకున్నాం మావా నేనూ. ఏళ్ళే గడిచిపోయాయి.