బాపు గొంతుకు నాలుగు కాపీలు

ఎవరి ఫైళ్లు ఎక్కడ దాచుకోవాలో చెప్పడం నా ఉద్యోగం. రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో చేస్తాను. హార్డ్ డిస్కులోనా, ఎస్‌ఎస్‌డీలోనా, టేపులోనా, క్లౌడ్‌లోనా అని పెద్ద పెద్ద ఆఫీసుల వాళ్లు వచ్చి అడుగుతారు. నేను తెర మీద బొమ్మలు చూపించి గంటసేపు పాఠం చెబుతాను. ఇన్నేళ్లలో నన్ను ముప్పుతిప్పలు పెట్టిన వినియోగదారు మాత్రం ఒక్కరే. అది పాల్మాకులలో మా కొట్టంలో ఉండే బర్రె.

మూడేళ్ల కింద మా నాన్నకు, బాపుకు, గొంతులో గడ్డ లేచింది. గొంతు పెట్టె తీసేస్తేనే మనిషి దక్కుతాడని దవాఖానలో చెప్పారు. తీసేశాక ఇక మాట రాదని కూడా చెప్పారు. దవాఖానలో చేరే రోజు పొద్దున నేను ఫోన్ పట్టుకొని ఆయన ముందు నిలబడ్డాను.

"బాపూ, ఏదన్న మాట్లాడు. రికార్డు చేస్త."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న."

"ఏదన్న అంటె ఏంది?"

అంతే, మా సంభాషణ అయిపోయింది. మా బాపు మనుషుల దగ్గర మాటలు పొదుపు చేసేవాడు. ధారాళంగా మాట్లాడేది బర్రెతోనే. పాలు పిండుతున్నంతసేపూ దాన్ని తిడుతూనే ఉంటాడు. అది కూడా ఆ తిట్లు వింటేనే పొదుగులోకి పాలు వదిలి చేపేది. నేను పక్కన ఉంటే ఆ మాటలు కూడా ఆగిపోతాయని తెలుసు. అందుకే ఫోన్‌ను కొట్టంలో గూట్లో పెట్టి, మీట నొక్కి, బట్టలు సర్దడానికి లోపలికి వెళ్లిపోయాను. మొత్తం పదకొండు నిమిషాలు రికార్డయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. బాపు ఇంటికి వచ్చాడు, మెడలో చిన్న రంధ్రంతో, చేతిలో పలకా బలపంతో. కానీ బర్రె చేపడం మానేసింది. అమ్మ కూర్చుంటే తన్నింది. అమ్మ బాపు అంగీ తొడుక్కొని, లుంగీ కట్టుకొని, తలకు ఆయన తువ్వాల చుట్టుకొని కూర్చుంటే మరీ గట్టిగా తన్నింది. బాపే వెళ్లి కూర్చుంటే తన్నలేదు గానీ, మెడ తిప్పి ఆయన నోటి వైపే చూస్తూ నిలబడింది. ఒక్క చుక్క రాలేదు.

విసుగెత్తి నేను ఫోన్ తీసి ఆ రికార్డు పెట్టాను.

"నిలవడవే, నీ పాడుగాను! పొద్దుపొద్దుగాల్నే ఏంది నీ నకరాలు? తోక ఆపు ముందు..."

బర్రె చెవులు నిక్కబొడిచింది. పొదుగు చేపింది. నాలుగో నిమిషంలో రికార్డులో ఒక విమానం పోతుంది. బాపు దాన్ని కూడా వదల్లేదు. "ఓ గాలిమోటరోడా, నీకు మా ఇల్లే దొరికిందా?" అంటాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటి మీదుగా నిజం విమానం కూడా పోయింది. ఏ విమానాన్ని తిడుతున్నాడో తెలియక అమ్మ, నేను నవ్వలేక చచ్చాం. బాపు నవ్వలేదు. మంచం మీద కూర్చొని తన గొంతు తానే వింటున్నాడు. తిట్టు వెంట తిట్టుగా పెదాలు కదుపుతున్నాడు.

ఎనిమిదో నిమిషానికి బకిట నిండింది. రికార్డు ఆపేశాం. రోజూ అంతే.

వారం తిరక్కుండానే ఆ ఫోన్ కుడితి గోళెంలో పడింది. అప్పటికే ఒక కాపీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి పంపుకొని ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏం చేసేవాళ్లం? పాలు పోతే పోనీ, ప్యాకెట్ కొనుక్కుంటాం. ఆ గొంతు పోతే ఎక్కడ కొనాలి?

ఆ రోజు ఆఫీసులో కూర్చొని, పెద్ద కంపెనీలకు నింపినట్టే ఒక ఫారం నింపాను. వాడుకరి: బర్రె. రోజుకు ఎన్నిసార్లు కావాలి: రెండు. ఎంత ఆలస్యం ఓర్చుకోగలదు: కాలు లేపేంతవరకు. పోతే నష్టం: ఆ గడిలో ఏం రాయాలో తోచలేదు, ఖాళీగా వదిలేశాను.

ముందు క్లౌడ్ ప్రయత్నించాను. నెట్ ఉంటే ఎక్కడినుంచైనా వినొచ్చని నేను అందరికీ చెప్పే మాటే. మా కొట్టం రేకుల కింద నెట్ నిలకడగా ఉండదు. "నిలవడవే, నీ..." దగ్గర బాపు ఆగిపోయేవాడు. తెర మీద చక్రం తిరిగేది. బర్రె ఒక కాలు గాలిలో పెట్టుకొని మిగతా తిట్టు కోసం ఎదురుచూసేది. తిట్టు రాకపోతే ఆ కాలు ఎక్కడ పడాలో అక్కడ పడేది.

కాబట్టి రోజువారీ పనికి పెన్‌డ్రైవ్ పెట్టాను. చిన్న స్పీకర్‌కు గుచ్చి, గుంజకు కట్టి, దాని మీద బాపు తువ్వాల కప్పాను. భద్రంగా దాచడానికి హార్డ్ డిస్క్ కొని బీరువాలో పెట్టాను. అందులో సన్నటి పలక గిర్రున తిరుగుతుంటుంది, కింద పడేయొద్దు అని అమ్మకు చెప్పాను. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ ఉండదు, దెబ్బలకు ఓర్చుకుంటుంది, కాకపోతే ఏళ్ల తరబడి కరెంటు చూపించకుండా మూల పడేస్తే మరిచిపోయినా మరిచిపోవచ్చు, అందుకే వద్దనుకున్నాను అని కూడా చెప్పాను. క్లౌడ్‌లో కాపీ ఎలాగూ ఉండనే ఉంది. అమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"పెద్దమ్మోళ్లింట్ల ఏది పెడ్తున్నవ్?"

"అక్కడెందుకే?"

"ఇత్తనం అంత ఒక్క తాన పెడ్తరా ఎవరన్న? ఇంట్ల సగం, అక్క తాన సగం. ఇక్కడిది పురుగు పడితె అక్కడిది ఉంటది. గింత సదువుకున్నవ్, గిది ఎరుక లేదా?"

మా ఇళ్లలో ఉన్న పద్ధతే అది. కంది, జొన్న విత్తనాలను బూడిద, యాపాకు కలిపి కుండలో పోసి, మూతికి ఎర్రమన్ను మెత్తుతారు. సగం కందుకూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది, వాళ్ల విత్తనం సగం మా ఇంట్లో ఉంటుంది. మా కంపెనీ ఇదే సంగతిని తెర మీద బాణం గుర్తులతో చూపిస్తుంది. అది నాకు అప్పుడు తట్టలేదు. అమ్మ పోరు పడలేక ఆఫీసులో మూలన పడి ఉన్న ఒక సీడీ మీద కాపీ ఎక్కించి పెద్దమ్మ ఇంటికి పంపాను. ఈ కాలంలో సీడీ ఎవరు వింటారని లోపల నవ్వుకున్నాను కూడా.

ఆ తర్వాత రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. కిందటి ఎండాకాలంలో మాత్రం అన్నీ ఒక్క వారంలో పోయాయి.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి, డాబా మీద దుప్పటి పరిచి అమ్మ కందులు ఎండబోసింది. కందుల నడుమ నల్లగా హార్డ్ డిస్క్! రెండు రోజుల నుంచి అక్కడే ఉందట.

"ఏందే అమ్మా ఇది!"

"యాడాదికోసారి ఎండ సూపకుంటె పురుగు పట్టదా? నువ్వే అంటివి కదా, మూలకు పడేస్తె మరిచిపోతదని."

నేను చెప్పింది వేరేదాని గురించి అనేలోపే దుప్పటి దులిపింది. డిస్క్ గచ్చు మీద పడింది. తీసుకెళ్లి కంప్యూటర్‌కు తగిలిస్తే టక్ టక్ మని కొట్టుకుంది, ఇంకేమీ లేదు.

నాలుగు రోజులకు పెన్‌డ్రైవ్ వంతు వచ్చింది. తువ్వాలలో బాపు చెమట ఉప్పు ఉన్నట్టుంది, బర్రె ఆ స్పీకర్‌ను రోజూ నాకేది. ఆ రోజు నాకుతూ నాకుతూ పెన్‌డ్రైవ్‌ను పట్టి పీకి, తీరిగ్గా నమిలి, ఉమ్మేసింది. బాపు గొంతు లేకపోతే పాలివ్వని బర్రె, బాపు గొంతునే నమిలి పారేసింది.

పోనీ క్లౌడ్ ఉంది కదా అని తెరిచాను. లేదు. చోటు చాలడం లేదని అంతకు మూడు నెలల ముందు ఫోన్‌లో పాత ఫైళ్లన్నీ తీసేశాను. ఫోన్‌లో తీసేస్తే అక్కడ కూడా పోతుందని, అది దాచడం కాదు అద్దం పెట్టడం అని, ఎంతమందికి పాఠం చెప్పానో లెక్కలేదు. ల్యాప్‌టాప్ ఎప్పుడో మార్చేశారు. గచ్చు మీద కూలబడి ఏడ్చాను. నా మీద నాకే ఒళ్లుమండింది.

బర్రె రెండు రోజులు చేపలేదు. పొదుగు రాయిలా గట్టిపడింది. మూడో రోజు పెద్దమ్మ ఇంట్లో ఉన్న సీడీ గుర్తొచ్చి, బాపును స్కూటీ మీద ఎక్కించుకొని కందుకూరు బయలుదేరాను. పెద్దమ్మ చేను కనపడింది. పిట్టలు వాలకుండా జొన్న చేను పొడుగునా సీడీలు వేలాడగట్టారు, ఎండకు తళతళ మెరుస్తున్నాయి. బాపు సీడీ కూడా కట్టేశారేమోనని బండి ఆపి చేలోకి పరిగెత్తాను. ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాను. గట్టు మీద నుంచి పెద్దమ్మ కేక వేసింది.

"ఓ బిడ్డా, గవి మా పాత సినిమాలవే! మీ బాపుది ఇత్తనాల కుండల ఉంది, రా!"

మన్ను పగలగొట్టింది. పాత చీరముక్కలో చుట్టి, యాపాకు నడుమ, సీడీ కొత్తదానిలా ఉంది. వాళ్ల పాత ప్లేయర్ కూడా ఇంకా పనిచేస్తోంది. టీవీలోంచి "నిలవడవే, నీ పాడుగాను!" అని వినపడగానే పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎక్కడైనా గీత పడిందేమోనని నేను ఆపకుండా చివరిదాకా వినాలనుకున్నాను. ఎనిమిది నిమిషాలు దాటింది. బకిట పక్కకు జరిపిన చప్పుడు. తర్వాత బాపు గొంతు, ఈసారి మెల్లగా.

"రేపటి సంది నాకు మాట ఉండదే. ఇగ నా బిడ్డ మాట్లాడ్తది నీతోని. దానికి తిట్టుడు సక్కగ రాదు. జర ఓర్సుకో. దాని మాట ఇను."

నేను బాపు వైపు తిరిగాను. ఆయన పలక మీద రాసి నా ముందు పెట్టాడు. 'ఇన్ని దినాలు ఇనలేదా?'

వినలేదు. నాలుగు చోట్ల దాచాను. ప్రతిసారీ పేరు సరిపోయిందా, సైజు సరిపోయిందా అని చూసుకున్నాను. ఒక్కసారి కూడా తెరిచి చివరిదాకా వినలేదు. బాపు చేతిలోంచి పలక తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున స్పీకర్ పెట్టలేదు. నేనే బకిట తీసుకొని కూర్చున్నాను. "జర నిలబడమ్మా" అన్నాను, ఆఫీసులో మాట్లాడినట్టు. బర్రె కాలు లేపింది. వెనక పలక మీద బలపంతో టకటక కొట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే రాసి ఉంది: 'ఇంక గట్టిగ.'

"నిలవడవే, నీ పాడుగాను! ఏంది నీ నకరాలు?" అని అరిచాను. ఒకటి వెంట ఒకటి తిట్లన్నీ వచ్చేశాయి. రెండేళ్లు రోజూ విన్నవే కదా. విమానం పోతే దాన్ని కూడా తిట్టాను. చేతి కింద పొదుగు మెత్తబడింది, బకిటలో పాల చప్పుడు మొదలైంది. తల తిప్పి చూశాను. మంచం మీద బాపు పెదాలు కదులుతున్నాయి, నా తిట్ల వెంటే, ఒక్కటి కూడా తప్పకుండా.