కంప్యూటర్‌కి చొక్కా

మా బావ కటింగ్ మాస్టరు. బట్టల కార్ఖానాలో ఆయన గీసి కత్తిరించిన ముక్కలనే మిగిలినవాళ్లంతా కుడతారు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూశాడంటే టేపు తియ్యకుండానే భుజం కొలత చెప్పేస్తాడు. నేను కనబడితే చాలు, "మరదలా, ఈసారి నడుం దగ్గర కాస్త వదులు పెట్టాలి" అని ఏడిపించందే ఆయనకు పొద్దుపోదు.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం ఫోన్ చేసి, వేళాకోళం అన్నదే లేకుండా, "కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. ఒకసారి రా" అన్నాడు.

నేను కరెంటాఫీసులో బిల్లుల వివరాలు ఎక్కిస్తుంటాను. కంప్యూటర్ ముందు కూర్చుంటుంది కాబట్టి దాన్ని బాగుచెయ్యడం కూడా వచ్చే ఉంటుందని మావాళ్ల లెక్క. రోజూ బస్సెక్కేవాళ్లందరికీ ఇంజను విప్పడం వస్తుందా? ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకోరు. పైగా నాకు ముక్కు మీద కోపం. మొరాయించే వస్తువు ఎదురుగా ఉంటే నాలుగు తగిలించాలనిపిస్తుంది. అయినా చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పరుగెత్తాను. ఆ కంప్యూటర్ ఆగితే బావ పని కూడా ఆగిపోతుందని అక్కకీ నాకూ మాత్రమే తెలుసు.

కొన్నాళ్లుగా బావ కుడిచెయ్యి వణుకుతోంది. మొదట టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కనిపించేది. తర్వాత కత్తెర దాకా వచ్చింది. డాక్టరు మందులిచ్చాడు కానీ పూర్తిగా పోతుందని మాటివ్వలేదు. కార్ఖానాలో ఎవరికీ తెలియనివ్వకుండా, "పాటర్న్‌లు కంప్యూటర్‌లో గీయడం నేర్చుకున్నానండీ, ఇంటినుంచే పంపిస్తాను" అని ఓనరుకి చెప్పి బావ ఇంటికి వచ్చేశాడు. మౌస్ మీద చెయ్యి ఆనించి పెడితే వణుకు అంతగా తెలియదు. ఇప్పుడు ఒక ఆసుపత్రివాళ్ల తెల్లకోట్ల ఆర్డరు వచ్చింది. సాయంత్రంలోగా పాటర్న్ పంపాలి. పొద్దున ఓనరు ఫోన్ చేసి, "అది పని చెయ్యకపోతే పోనీ మాస్టారూ, పాతపద్ధతిలో వచ్చి బల్లమీద కత్తిరించేసి వెళ్లండి" అన్నాడట. బావ కత్తిరిస్తుంటే కార్ఖానా అంతా బల్ల చుట్టూ చేరి చూస్తుంది. అదీ ఆయన భయం.

నేను వెళ్లేసరికి అక్క కాలు కాలిన పిల్లిలా గదిలోకీ వంటింట్లోకీ తిరుగుతోంది. చేతిలో ఫోన్. అందులో మా పిన్ని.

"మా ఫోనూ ఇలాగే ఆగిపోతే బియ్యంలో పెట్టామే. తెల్లారేసరికి లేచి కూర్చుంది."

"ఇంత డబ్బాని పెట్టడానికి ఎన్ని బియ్యం కావాలి పిన్నీ?" అన్నాను నేను గట్టిగా. పిన్నికి కోపం వచ్చి పెట్టేసింది. అంతకుముందే పెదనాన్న చేసి వైరస్ అని తేల్చేశాడట. పక్కింటివాళ్లేమో కరెంటు ఎగుడుదిగుడుగా వస్తోందన్నారట. తలా ఒక వైద్యం చెప్పారు గానీ వచ్చి చూసినవాళ్లు లేరు.

బావ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది.

"రిపేరు అతన్ని పిలవకపోయారా?" అన్నాను.

"వచ్చాడుగా, రెండుసార్లు. అతను ఉన్నంతసేపూ గుర్రంలా పరుగెత్తుతుంది. అటు వెళ్లగానే ఇటు ఆగుతుంది. నిన్న ఏమన్నాడో తెలుసా? 'నేను చూస్తుంటే బాగానే ఉందిగా, మీరు వాడటంలోనే ఏదో ఉంది' అన్నాడు." బావ తన చేతివైపు చూసుకున్నాడు. "అతనన్నదే నిజమేమో. వణుకుతూ నాకే తెలియకుండా ఏదో నొక్కేస్తున్నానేమో."

అంతవరకూ ఆయన కంప్యూటర్ గురించి బెంగపడుతున్నాడనుకున్నాను.

"లేవండి, నేను కూర్చుంటాను" అన్నాను. మీట నొక్కితే మామూలుగానే తెరుచుకుంది. ఆయన చెబుతుంటే కాలర్ వంపు నేను గీశాను. జేబు గీశాను. కోటు చెయ్యి దగ్గరికి వచ్చేసరికి తెర టప్పున ఆరిపోయింది.

"చూశారా! నా చెయ్యి వణకడం లేదుగా, నాకూ ఆగింది" అని అరిచి, కోపం పట్టలేక డబ్బా నెత్తిన ఒక్కటి చరిచాను.

చరిచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. డబ్బాకి తొడిగిన గుడ్డ వెచ్చగా ఉంది. పైనుంచి కిందికి తడిమాను. జ్వరమొచ్చిన పిల్లాడి వీపులా కాలిపోతోంది.

ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. రిమోట్‌కి, మిక్సీకి, ఫ్రిజ్ పిడికి, చివరికి టార్చిలైటుకి కూడా బావ కొలతలు తీసి కుట్టాడు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే నాకూ ఒకటి కుట్టేస్తాడని నా భయం. వాటన్నిటిలోకీ కంప్యూటర్ డబ్బాకి కుట్టిన ముదురు నీలం చొక్కా అంటే ఆయనకు ప్రాణం. చెయ్యి బాగున్న రోజుల్లో సూది పట్టి చేత్తో కుట్టిన ఆఖరి పని అది. వైర్లు రావడానికి వెనక కాజాలు, మీట మీద జేబుకున్నట్టు చిన్న మూత. చూసినవాళ్లంతా "ఎంత బాగా అతికింది, గాలి కూడా దూరదు" అని మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకున్నదాన్నే.

"అక్కా, రిపేరు అతను వచ్చినప్పుడు ఈ చొక్కా ఎక్కడుంది?"

"అతని చేతులు మురికిగా ఉంటాయని మీ బావ ముందే విప్పి బీరువాలో పెట్టేస్తారే."

"అతను వెళ్లాక?"

"మళ్లీ తొడుగుతారు" అంటూనే అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

ఇంతకుముందు ఆ కంప్యూటర్‌ని ఎప్పుడో గాని తెరిచేవాళ్లు కాదు. ఇప్పుడది పొద్దస్తమానం పని చేస్తోంది. లోపలి ఫ్యాను వేడిని బయటికి ఊదుతుంటే మా బావ కుట్టు ఒక్క చోటా దారి ఇవ్వలేదు.

"బావా, ఆపుతున్నది మీ వణికే చెయ్యి కాదు" అన్నాను. "బాగున్నప్పటి చెయ్యి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వంగి, చొక్కా బొత్తాలు తానే విప్పాడు. వణుకుతూ విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోతే అక్క నన్ను కళ్లతోనే ఆపింది. డబ్బా చల్లారాక మళ్లీ ఆన్ చేశాం. ఈసారి బావే కూర్చున్నాడు. ఎక్కడ ఆగుతుందోనని నేను గోళ్లు కొరుకుతూనే ఉన్నాను. అది ఆగలేదు. ఎండ తగ్గకముందే పాటర్న్ వెళ్లిపోయింది.

అక్క చొక్కా మడతపెట్టి, "దీన్నింక దాచేస్తాను" అంది.

"ఉండు. కత్తెర ఇటివ్వు" అన్నాడు బావ.

గుడ్డని బల్లమీద పరిచాడు. ఫ్యాను ఉండేచోట సుద్దతో గుర్తు పెట్టి, మా ఇద్దరి ఎదుటే కత్తెర పెట్టాడు. కత్తెర గీత మీద నిలవలేదు. పక్కకి జారింది, మళ్లీ గీత మీదికొచ్చింది, మళ్లీ జారింది. చివరికి కన్నం పడింది.

"వంకరగా వచ్చింది కదూ?" అన్నాడు.

నాకు అబద్ధం చెప్పాలనే ఉంది. "వచ్చింది బావా" అన్నాను.

అప్పుడే ఓనరు ఫోన్. బావ స్పీకరు మీద పెట్టాడు. పాటర్న్ చేరిందట, అద్భుతంగా ఉందట. "రేపొకసారి వచ్చి మొదటి కోటు మీరే కత్తిరించండి మాస్టారూ. మీ చేత్తో మొదలైతే నాకు ధైర్యం."

బావ ఆ వంకర కన్నం వైపే చూస్తున్నాడు.

"నా చెయ్యి వణుకుతోందండీ" అన్నాడు. "చాన్నాళ్లయింది, మీకు చెప్పలేదు. గీసి ఇస్తాను. కత్తెర మాత్రం ఇంకెవరైనా పట్టాలి."

ఓనరు, "ఆలోచించి చెప్తాను" అని పెట్టేశాడు.

అక్క కుర్చీలో కూలబడింది. నేను కిటికీ దగ్గరికెళ్లి ఊరికే వెనక్కొచ్చాను. ఆలోచించడానికి ఏముందని మళ్లీ ఫోన్ చేసి ఆ ఓనర్ని కడిగేద్దామనిపించింది. కంప్యూటర్ ఒంటిమీద గుడ్డ లేకుండా హాయిగా గుర్రుమంటోంది.

బావ మాత్రం చొక్కా ఒళ్లో వేసుకుని, కన్నం అంచు లోపలికి మడిచి చూసుకుంటున్నాడు. కుట్టుసామాను డబ్బాలోంచి సూది, నీలం దారం తీశాడు. నా ఎరుకలో ఆయన తన సూది ఇంకొకరి చేతికివ్వలేదు.

"మరదలా, ఇందులో దారం ఎక్కించు" అన్నాడు.

ఎక్కించి ఇచ్చాను.

"ముడి ఎవరు వేస్తారు, మీ పిన్నా?" అన్నాడు.