చెంపమీది చేయి

ఇబాదాన్ నగరపు బస్సులో ఒయెవూమి ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాడు. కుడి చెంపను కిటికీకీ, ఎడమ చెంపను అరచేతికీ అప్పగిస్తాడు. పసికందుగా ఉన్నప్పుడు పెద్దలు కత్తితో పెట్టించిన వంశపు గాట్లు ఆ రెండు చెంపలమీదా ఉన్నాయి. ఒకప్పుడు వాటిని చూసి ఫలానా ఇంటి బిడ్డ అని గౌరవించిన జనమే, ఆయన ఉద్యోగంలో చేరేనాటికి నవ్వడం నేర్చుకున్నారు. తపాలా కచేరీలో పనిచేసినన్నాళ్ళూ ముఖం పక్కకు తిప్పుకునే, తపాలా బిళ్ళలు అమ్మాడు. పెళ్ళి ఫోటోలో సైతం చేయి చెంపమీదే ఉంది.

ఉద్యోగ విరమణ అయ్యాక శనివారపు బొమ్మల తరగతిలో చేరాడు. ఆనాటి పాఠం క్యూబిజం: అద్దంలో చూసుకుని, తన ముఖాన్ని పలకలుగా విడగొట్టి గీయాలి. తోటివాళ్ళు స్కేళ్ళతో తంటాలు పడుతుండగా ఒయెవూమి నున్నటి చెంపల ముఖమొకటి గీశాడు. పక్కనున్న ఫున్‌షో తొంగిచూసి, "ఎవరు బాబా ఈ పెళ్ళికొడుకు? మీ గీతల్ని ఏ పిల్లి ఎత్తుకుపోయింది?" అంది. అందరూ గొల్లుమన్నారు. పంతులమ్మ ఇఫెడాయో మాత్రం నవ్వలేదు. "ఇది పారిస్‌లో పుట్టిన పద్ధతి బాబా. గీతకు భయపడితే రాదు," అంది. ముసలాయనకు ఒళ్ళు మండింది. "పారిసా? మన జాతర్ల చెక్క ముసుగుల్ని చూసి నేర్చుకుని వాళ్ళు గుడ్డమీద గీశారమ్మా. మావాళ్ళు మనిషిమీదే గీశారు!" అంటూ చెంపమీంచి చేయి తీశాడు. కొత్త కాగితం పరచి, ఒక్కొక్క గాటు వెంటా నల్లగీతను నడిపించాడు. ముఖం దానంతట అదే పలకలుగా విచ్చుకుంది. ఫున్‌షో స్కేలు కింద పెట్టి, "కాస్త ఇటు తిరగండి బాబా, రెండో చెంప కూడా చూడనివ్వండి," అంది. తిరిగాడు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. ఒయెవూమి నడిమి సీట్లో కూర్చుని, బొమ్మను రెండు చేతులతో పట్టుకున్నాడు.