కొప్పు పట్టుకుంటే ఏం చేయాలి?

మేమంతా ఓడెక్కి వచ్చిన చెరుకు దీవిలో, ద్రాసా కూలీ లైన్లలో ఉండే నర్సమ్మ ఒకనాడు నన్నడిగింది: “సర్దారు ఎనకనుంచి కొప్పట్టుకుంటే ఏటి సెయ్యాలి పంతులూ?” చెరుకు వరసల్లో కలుపు తీసే ఆడవాళ్ల మీద ఈ కూలీల మేస్త్రీ దౌర్జన్యం అందరికీ తెలుసు. ఫిర్యాదు చేస్తే దొరలు సాక్షులేరీ అన్నారు. ఆత్మరక్షణ నేర్చుకోవాలని ఉపన్యాసాలిచ్చేవాణ్ని నేనే; నేర్పడం మాత్రం నాకు రాదు. జవాబు చెప్పగల గురువులు నాడీ ఊళ్లో ఉన్నారని విని, ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఆదివారం ఉదయం ఏడింటికి చెరుకు మోసే రైలు. టికెట్టు లేదు, పైకప్పూ లేదు. వెళ్లదలచినవారు మసికి ఓర్చే బట్టలు కట్టుకోవాలి. దారిలో ఉడికించిన కసావా దుంప, మిరపకాయ పచ్చడి తిన్నాం. పదకొండింటికి నాడీ చేరాం.

మొదట కర్రసాము గురువు. విశాఖపట్నం వైపు మనిషి. కర్ర తిప్పితే గాలి కూడా దగ్గరికి రాదు. కాని తిప్పే ముందు నాలుగు దిక్కులకూ, భూమికీ, కర్రకూ మొక్కాలి. ఎదుటివాడూ మొక్కాలి.

“మొక్కకుండా మీద పడితే?” అన్నాను.

“అది సాము కాదు బాబూ, కొట్లాట!”

“మా సర్దారు మొక్కడయ్యా,” అంది నర్సమ్మ.

తరువాత మర్మస్థానాలు తెలిసిన మలయాళీ. వేలితో పొడిచి మనిషిని పడగొడతాడట. ముందు ఆరు నెలలు నూనె మర్దన, ఆపైన ఉపదేశం. నర్సమ్మకు మర్నాడు తెల్లవారకముందే పని!

రెండింటికి కుస్తీ ఉస్తాదు దగ్గరికి వెళ్లాం. పసుపూ నూనే కలిపిన మెత్తటి మట్టి, చుట్టూ తాడు. “ఔరత్ అఖాడా మే నహీ, ఆడది గోదాలోకి రాకూడదు,” అని నర్సమ్మను తాడు బయటే ఆపాడు. మట్టికి ఆడా మగా తెలుస్తుందా అని అరగంట వాదించాను. ఓపిగ్గా విని, వెనక్కి తిరిగి, “నా పిలక పట్టు,” అన్నాడు.

పట్టుకున్నాను. నా చేతిని రెండు చేతులతో తన నెత్తికే అదిమి, వంగి, గిర్రున తిరిగాడు. మణికట్టు మెలిపడి నా మొహం మట్టిలో దిగింది.

“మల్లీ సూపించు బాబూ, పంతులు అడ్డమొచ్చాడు,” అంది నర్సమ్మ.

మళ్లీ చూపించాడు. చాలాసార్లు చూపించాడు. అయితే ఆడవాళ్లకు నేర్పినట్టే కదా అని మట్టి ఉమ్ముతూ నిలదీశాను.

“నేనెక్కడ నేర్పాను? నిన్ను పడేశాను. ఆమె చూస్తే నేనేం చేయను?”

ఆచారం చెక్కుచెదరలేదు. నా నడుమే చెదిరింది.

నాలుగింటి రైలెక్కాం. లౌటోకా దగ్గర నర్సమ్మ గ్యాంగు ఆడవాళ్లు సంత మూటలతో ఎక్కారు. నర్సమ్మ వెంటనే నాకు వీపు తిప్పి, “కొప్పట్టుకో పంతులూ,” అంది. పట్టుకున్నానో లేదో, బండి అంచుకు కొట్టుకున్నాను.

“నాకూ సూపించే!” అంది వాళ్లలో కామమ్మ, తన కొప్పు నా చేతికిస్తూ. “గట్టిగా అట్టుకోండి బాబూ, సిగ్గేటి?”

ఒకరి తరువాత ఒకరికి అందరికీ వచ్చేదాకా నాకు విడుదల దొరకలేదు.

ద్రాసా చేరేసరికి చీకటి పడింది. సర్దారు ఎడమచేత్తో లాంతరు పట్టుకుని, ఆలస్యమైందంటూ అరుస్తున్నాడు. ఆడవాళ్లెవరూ తల వంచలేదు. అందరూ వాడి కుడిచేతినే చూస్తూ ఒక్కొక్కరే దిగారు. వాడికి కారణం అంతుబట్టలేదు. చేయి మాత్రం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.